గదిలో లేనివాళ్ళే గొప్పవాళ్ళు

క్యోటోలో పసి గ్రహాలు పెరిగే తీరుకు లెక్కలు కట్టే కురమోచి సెన్సేకి, అంటే గురువుగారికి, ఒకే ఒక్క జబ్బు. ఎదురుగా ఉన్న మనిషిని చచ్చినా మెచ్చుకోరు. గదిలో లేని మనిషిని మెచ్చుకోకుండా ఉండలేరు. భార్య చేసిన చారు తాగుతూ పక్కింటావిడ ముల్లంగి ఊరగాయను పొగిడే రకం.

ఆయన శిష్యురాలు మినాసే ఎదురుగా ఉంటే మాత్రం, పొగడ్తంతా రెండో శిష్యుడు తోగావాకే.

"సెన్సే, గ్రహం చుట్టూ గాలిపొర పెట్టి లెక్క కట్టాను. పక్కనుంచి పోయే గులకరాళ్ళు ఆ గాలిలో వేగం తగ్గి లోపల పడిపోతున్నాయి. గ్రహం తొందరగా పెరుగుతోంది."

"ఊఁ. తోగావా అంకెలు చూశావా? ముత్యాలే."

పోనీ అని కమలాపండు ఒలిచి పెడితే, "తోగావా ఒలిస్తే తొక్క తెగదు" అన్నారు.

మినాసేకి ఒళ్ళు మండిపోయింది. కుళ్ళంటే కుళ్ళే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. తోగావా గొడుగు చూసినా కుళ్ళే, వాడు తుమ్మినా కుళ్ళే. ఆ మంటలో లెక్కంతా మొదట్నుంచీ మళ్ళీ కట్టింది. వేడి సంగతి మరిచిపోయినట్టు అప్పుడు తేలింది. గాలి మరీ కాగితే, రాయి లోపలికి చేరకముందే ఆవిరైపోతుంది. గ్రహం నడిమి ముద్ద ఇక పెరగదు.

పరుగున వెళ్ళి చూపించింది.

"తోగావా బూట్లు చూశావా, ఎలా మెరుస్తాయో" అన్నారు సెన్సే.

అసలు చిక్కు వసంతకాలపు ఖగోళ సభతో వచ్చింది. వాళ్ళ ల్యాబుకి రెండే ప్రసంగాలు. ఒకటి సెన్సేది, రెండోది శిష్యుల్లో ఒకరిది. అక్కడ మాట్లాడితేనే పెద్దల కళ్ళలో పడి ఉద్యోగం దొరుకుతుంది. ఆ బూట్లవాడికే ఇస్తారని మినాసే ఆశ వదిలేసుకుంది.

సెన్సే జలుబు చేసి రాని రోజు, టీ వేళకి శిష్యులిద్దరే మిగిలారు. మినాసే కమలాపండు ఒలుస్తుంటే తోగావా గుడ్లప్పగించి చూశాడు.

"ఏంటలా చూస్తావ్?"

"నువ్వు ఒలిస్తే తొక్క తెగదటగా. ఇంట్లో తెగ ప్రాక్టీసు చేస్తున్నాను. మా అమ్మ ఇక కమలాలు కొననంటోంది."

"ఎవరన్నారు?"

"సెన్సేనే. నీ గాలిపొర లెక్క గొప్పలు చెప్పి నా ప్రాణం తోడేస్తున్నారు. ఆ ప్రసంగం ఎలాగూ నీకే."

మర్నాడు ఇద్దరూ కలిసి ఆయన మీదికి వెళ్ళారు.

"మా ఎదురుగా ఒక్క మంచిమాట అంటే మీ సొమ్మేం పోయింది సెన్సే?"

సెన్సే ముక్కు తుడుచుకున్నారు. "నీ లెక్కేగా అమ్మాయ్. గాలి కాగితే రాయి లోపలికి దిగదు. అందుకని పొగడ్త వేడి తగలకుండా మీ చుట్టూ కాస్త చల్లగా ఉంచాను."

"చల్లగానా? కుళ్ళుకుని చచ్చాను."

"కుళ్ళుకుని లెక్క మళ్ళీ కట్టావా?"

"కట్టాను."

"తప్పు దొరికిందా?"

"దొరికింది."

"మరింకేం. ప్రసంగాలు మీరిద్దరే చేయండి. నాది వదిలేశాను. నేను మాట్లాడితే ఎలాగూ అందరూ నిద్రపోతారు."

సభకి అధ్యక్షత ఆయనదే. ముందు మినాసేని పిలిచి, తోగావా అంకెల గురించి చెప్పి కూర్చున్నారు. ఆమె పళ్ళు నూరుకుంటూనే అదరగొట్టింది. తర్వాత తోగావా వేదికెక్కాడు.

"ఇందాకటి అమ్మాయి లెక్క విన్నారుగా. నా జీవితమంతా నాకు కనపడనిది ఆమెకు కనపడింది" అన్నారు సెన్సే, మినాసే ఆ హాల్లోనే లేనట్టు కిటికీవైపు చూస్తూ.

వేదిక మీద తోగావా మొహం మాడిపోయింది. ముందు వరసలో మినాసేకి చెవులదాకా వేడెక్కింది. ఆ వేడికి తన లెక్క గుర్తొచ్చి, చేతిలోని కాగితంతో గబగబా విసురుకోవడం మొదలుపెట్టింది.