అత్తయ్యకు గుర్తున్న వంకాయ రంగు

జాకెట్టు గుడ్డ కోసం దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళే ఆడవాళ్ళలో చీర సంచిలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు కొందరు, తీరా కొట్టుకు వెళ్ళాక చీర ఇంట్లోనే మరచిపోయామని గుర్తొచ్చి వెనక్కి తిరిగేవాళ్ళు కొందరు. నేను రెండో బాపతు. మా అత్తయ్య ఈ రెంటిలోనూ చేరదు. ఆవిడ చీరను కావాలనే ఇంట్లో వదిలి వెళ్ళేది. మ్యాచింగ్ సెంటర్లో నిలబడి, గోడ నిండా పేర్చిన తానులను ఓసారి కలియజూసి, "గా పైన, ఎర్రదాని పక్కపొంటిది. అది కాదు, దాని కిందిది" అనేది. తెచ్చి చీర మీద పరిస్తే ఏది గుడ్డో ఏది చీరో తేల్చుకోవడం నా వల్ల అయ్యేది కాదు. "చీర మోస్కపోతే ఇగ తలకాయ ఎందుకున్నట్టు?" అని నా సంచీ వైపు చూసి నవ్వేది.

నాది గుంటూరు వైపు. ఆవిడది నల్గొండ దగ్గర పల్లె, పెళ్ళయ్యాక ఎల్బీనగర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయింది. పచ్చిపులుసులో బెల్లం వేయాలా వద్దా అన్న దగ్గర్నుంచి మా ఇద్దరికీ అన్నీ తగాదాలే. రంగుల విషయంలో మాత్రం నేను ఎప్పుడో చేతులెత్తేశాను.

అలాంటి మనిషి పోయినేడు బోల్తా పడింది. మీర్‌పేట్‌లో చుట్టాల పెళ్ళి. బీరువా అడుగున ఏళ్ళ తరబడి మడత విప్పని వంకాయ రంగు పట్టుచీర కడతానంది. దాని జాకెట్టు ఎప్పుడో బిగుతైపోయింది. ఎప్పట్లాగే ఉత్త చేతులతో వెళ్ళి గుడ్డ తెచ్చింది. చీర తీసి పక్కన పెట్టాను. తెచ్చిన గుడ్డ వంకాయ రంగు కాదు, నీలం. నేను పగలబడి నవ్వాను. అన్నేళ్ళ ఓటమికి ఆ మాత్రం నవ్వు నాకు రావాల్సిందే. ఆవిడ నవ్వలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి ఇంకో గుడ్డ తెచ్చింది. అది ఇంకాస్త నీలం. ఈసారి నాకూ నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఒకటొకటిగా బయటపడ్డాయి. ఎదురింటావిడ వీధిలో ఎదురుపడితే అత్తయ్య తెలియనట్టు వెళ్ళిపోయింది. వనస్థలిపురం వెళ్తానని బయల్దేరి వేరే బస్సెక్కి, పెద్ద అంబర్‌పేట్‌లో దిగి, "జర ఒచ్చి తోల్కపోరాదు" అని ఫోను చేసింది. మతిమరుపు మొదలైందని మా ఆయన తేల్చేశాడు. మెదడు ఆరోగ్యం మీద ఫోనుకు ఎవరేం పంపినా వదలకుండా చదివే మనిషి. మాకంటే ముందు అత్తయ్యే ఆ మాట నమ్మింది.

ఇక వైద్యం మొదలైంది. పొద్దున్నే నానబెట్టిన అక్రోట్లు, సాయంత్రం నడక, మధ్యలో సుడోకు. "ఇవి సూడనీకే మెదడు లెక్కనే ఉన్నయి, నమలాలంటే భయమైతున్నది" అనేది అత్తయ్య అక్రోట్లను పళ్ళెంలో అటూ ఇటూ తోస్తూ. కాఫీ తాగుతూ మా ఆయన రోజూ ఒక పరీక్ష పెట్టేవాడు. "అమ్మా, ఇయ్యాల ఏ వారం?" అనేవాడు. "నీకు తెల్వకనే అడుగుతున్నవు గదా బిడ్డా" అనేది ఆవిడ. అందులో అబద్ధమేమీ లేదు. ఆదివారం ఆఫీసుకు తయారై లిఫ్టు దాకా వెళ్ళొచ్చిన ఘనత ఆయనకుంది.

కొన్నాళ్ళకు ఈ వేళాకోళం కూడా ఆగిపోయింది. అత్తయ్య గడప దాటడం మానేసింది. ఒకరోజు బీరువా తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ దగ్గర్నే ఉండనీ. యాడ పెడ్తనో ఏమో" అంది. పచ్చిపులుసులో నేను కావాలనే బెల్లం దిట్టంగా వేశాను, తగాదాకు వస్తుందేమోనని. మాట్లాడకుండా తినేసింది. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

ఆ సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తనే అంది. "ముందు రంగులు పోయినయి. ఎనుక పేర్లు పోతయి. ఆఖరికి మీ మొఖాలు గూడ యాదుండవు గదా?" ఈనెలు గిన్నెలోనూ కాయలు చెత్తలోనూ వేస్తున్నానని నేను కాసేపటికి గానీ చూసుకోలేదు.

మా ఆయన సెలవు పెట్టాడు. ముగ్గురం నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా అమ్మాయి వయసుండే డాక్టరు. అత్తయ్యకు కొన్ని మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపు ఊరి సంగతీ పిల్లల సంగతీ అడిగి, ఇందాకటి మాటలు చెప్పమంది. అత్తయ్య అన్నీ వరసగా అప్పజెప్పి, "మరి నేను మా ఊరి పేరు చెప్పిన గదా, నీకు యాదికున్నదా బిడ్డా?" అని అడిగింది. ఆ పిల్లకు గుర్తులేదు. నవ్వేసి, గడియారం బొమ్మ గీయమని కాగితం ఇచ్చింది. అత్తయ్య కాగితాన్ని ముక్కు దాకా ఎత్తి, కిటికీ వైపు తిరిగింది. డాక్టరు నవ్వు ఆపి, లేచి వచ్చి, టార్చి వేసి కళ్ళలోకి చూసింది.

"శుక్లాలు బాగా ముదిరాయమ్మా. ముందు కళ్ళ డాక్టరుకు చూపించండి" అంది. మా ఆయన అక్రోట్ల సంగతి ఎత్తబోతే ఓపిగ్గా చెప్పింది. "అక్రోట్లు తినొద్దని కాదండీ. అసలు లోపలికి రాని దాన్ని మెదడు ఎలా దాచుకుంటుంది? బస్సు నంబరు ఈవిడ మరచిపోలేదు, ఈవిడకు కనపడలేదు. అయితే ఇలా కనపడక, మనుషులకు దూరమై ఇంట్లో కూర్చుంటే మాత్రం మెదడు నిజంగానే మందగిస్తుంది. ఆలస్యం చేయకండి."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాకు ఆ నీలం గుడ్డల గుట్టు తెలిసింది. శుక్లం పడిన కంటికి లోకమంతా పసుపు పులిమినట్టు ఉంటుందట, మా ఆయన ఫోనులో చూసి చెప్పాడు. అందులోంచి చూస్తే అసలైన వంకాయ రంగు మాసిపోయి గోధుమ రంగులోకి దిగుతుంది. ఆవిడ తలలో ఉన్నదేమో కళ్ళు బాగున్న రోజుల్లో చూసిన వంకాయ రంగు. ఆ రంగులా కనపడే దాకా నీలం వైపు జరుగుతూ వెళ్ళింది. అంటే గుర్తున్న రంగు అక్షరాలా సరైనదే. ఇది వివరిస్తే అత్తయ్య నమ్మలేదు. "నన్ను నిమ్మళం చేయనీకే చెప్తున్నవు" అంది.

ముందు ఒక కన్ను, కొన్నాళ్ళాగి రెండోది ఆపరేషన్ చేశారు. నల్లద్దాలు తీసేయొచ్చని చెప్పిన రోజు ఇంటికి రాగానే బీరువా తాళాలు అడిగింది. పట్టుచీర తీసి నీలం గుడ్డలు రెండూ దాని మీద పరిచి చాలాసేపు చూసింది.

"గివ్వి నేనే తెచ్చిన్నా?"

"మీరే."

"దిమాగ్ కాదు. కండ్లే" అంది. ఆ మాట నాతో అనలేదు, తనకు తనే చెప్పుకుంది. తాళాలు నాకు తిరిగి ఇవ్వలేదు. బొడ్లో దోపుకుని వంటింట్లోకి నడిచి, స్టవ్ వెనక పలకల మీద జిడ్డేమిటని, ఆ మూల బూజేమిటని మొదలుపెట్టింది. అత్తగారి చేత చీవాట్లు తింటూ అంత ఆనందపడ్డ కోడలు ఈ కాలనీలో ఇంకొకతె ఉండదు.

జిడ్డు సంగతి చెప్తూ చెప్తూ నా వైపు తిరిగి ఆగిపోయింది. దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని, నా ముఖం వెలుతురుకు తిప్పింది.

"గిన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చినయే నీకు?"

"ఎప్పుడో వచ్చాయి అత్తయ్యా. రంగు వేయడం మానేశానని చెప్పాను కూడా."

"చెప్పినవు. యాదికున్నది. అయినా నాకు నువ్వు నల్లటి జడతోనే కనవడుతుంటివి. నువ్వు మా ఇంటికి ఒచ్చినప్పుడు ఎట్లున్నవో, ఇన్నొద్దులు గట్లనే ఉన్నవు నాకు."

మా ముఖాలు మరచిపోతానేమోనని భయపడిన మనిషి ఈ మాట అంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నా కొంగుతోనే నా కళ్ళు తుడిచి, జుట్టుకు రంగు ఎందుకు మానేశావని తగాదా పెట్టుకుంది.