ఇస్త్రీ బట్టల మీద గుడ్డు

ఆ రోజుల్లో ఉద్యోగం లేని మనిషిని అసలు మనిషి కిందే లెక్కేసేదాన్ని కాదు. అలాంటి నాకే మాదాపూర్‌లో మొదటి ఉద్యోగం ఏడాది తిరక్కుండా ఊడింది. నిజాంపేటలో అద్దెకున్న గదిలో ముసుగుతన్ని పడుకోవడం తప్ప ఇంకో పని పెట్టుకోలేదు. భీమవరం వెళ్దామంటే అక్కడ అమ్మ పెళ్లి సంబంధాలతో కాచుకుని ఉంది. అప్పుడు నన్ను లేపింది మా ఇంటి ఓనరమ్మ. (ఓనరన్నది పేరుకే, నేను పెద్దమ్మా అనే పిలిచేదాన్ని.) శంకర్‌పల్లి దాటాక ఆవిడకు కొంత పొలం, అందులో మామిడి చెట్ల కింద గడ్డిలో తిరిగే కోళ్లు ఉండేవి. "పండుకుంటే నౌకరి వస్తదా బిడ్డా? నాతోని రా, గుడ్లేరుదువు" అంది. కిరాయి సంగతి మాత్రం ఎత్తలేదు.

మొదటి రోజే కోళ్లన్నీ నా చుట్టూ మూగితే ఎంత ప్రేమో అనుకున్నాను. అవి నా కాలిగోళ్ల ఎర్ర రంగును పొడుచుకు తినడానికి వచ్చాయట. అయినా నెమ్మదిగా అలవాటైంది. గడ్డిపరకలు అంటిన వెచ్చటి గుడ్డు అరచేతిలోకి తీసుకుంటే, చాలా రోజుల తర్వాత ఏదో పని చేసినట్టనిపించేది. ఆదివారం పొద్దున్నే మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బల్ల వేసుకుని ఆ గుడ్లు అమ్మేదాన్ని.

బేరం కుదురుకుంటుండగా అక్కడి వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో, ఆ గోధుమరంగు గుడ్లు టీ డికాక్షన్‌లో ముంచిన మామూలు తెల్ల గుడ్లేనని పెట్టారు. కొనేవాళ్లు మొహం చాటేశారు. అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంట్ గారు మర్యాదగానే, అనుమానం తీరేదాకా బల్ల వేయొద్దన్నారు. అది పోతే నాకు భీమవరం బస్సే గతి. అందుకని ఓ మహత్తరమైన ఆలోచన చేశాను: ఆ గుడ్లు పెట్టే కోడినే తీసుకెళ్లి చూపిస్తాను. పెద్దమ్మ తల పట్టుకుంది. "అది గుడ్డు పెట్టే యాళ్ల. ఆగమైతవ్, జర ఇను" అంది. విన్లేదు.

ఆ ఆదివారం బల్లా, గుడ్లూ గేటు దగ్గరే ఉంచి, ప్రెసిడెంట్ గారి ఎదుట, కింది లాబీలో, కోడి బుట్ట మూత తీశాను. కోడి నా భుజం మీదుగా ఎగిరి, తెరిచి ఉన్న లిఫ్టులోకి నడిచింది. (తడబాటేమీ లేదు, రోజూ ఆఫీసుకెళ్లేదానిలా.) తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు పైకి పోయింది. నేను మెట్ల మీద పరుగు, నా వెనక ప్రెసిడెంట్ గారు ఆయాసపడుతూ. ఒక్కో అంతస్తులో ఆగి చూస్తున్నాం. కోడి లేదు. నాకు ఏడుపొచ్చేస్తోంది.

ఐదో అంతస్తులో లిఫ్టు ముందు ప్రెసిడెంట్ గారి భార్య కదలకుండా నిలబడి ఉన్నారు. ఇస్త్రీకివ్వాల్సిన బట్టల బుట్టతో కిందికి రావడానికి ఆవిడే లిఫ్టు పిలిచారట. తలుపు తెరుచుకోగానే కోడి బయటికొచ్చి, ఆవిడ భయపడి కింద పెట్టిన బుట్టలోకి ఎక్కి కూర్చుంది. నేను క్షమాపణ మొదలుపెట్టేలోగా ఆవిడ పెదవి మీద వేలుంచారు.

"ఉష్... కదలకండి. పెట్టేలా ఉంది."

ముగ్గురం ఊపిరి బిగబట్టాం. కాసేపటికి కోడి లేచి, ఘనంగా కూత పెట్టి పక్కకు తప్పుకుంది. ప్రెసిడెంట్ గారి తెల్లచొక్కా మీద గోధుమరంగు గుడ్డు. ఆవిడ దాన్ని తీసుకుని కొంగుతో గట్టిగా తుడిచారు. రంగు చెక్కుచెదరలేదు. ఆవిడ మొహం కాస్త ఎర్రబడింది.

"ఆ మెసేజ్ పెట్టింది నేనేనమ్మా" అన్నారు మెల్లగా. "ఇవాళ్టి గుడ్లన్నీ మా గుమ్మం ముందే అమ్ముకో."

ప్రెసిడెంట్ గారు చొక్కా చూసుకున్నారు, భార్యను చూశారు, వెళ్లి నా బల్ల తెచ్చారు.

ఆ తర్వాత చాన్నాళ్లు గుడ్లు మిగిలింది లేదు. గుడ్లు కొనేవాళ్లలోనే ఒకావిడ తన ఆఫీసులో నా గురించి చెప్పిన మాట సాయంతో మళ్లీ ఉద్యోగంలో చేరాను. ఆ వార్త చెబితే పెద్దమ్మ సంతోషపడి, "మరి ఆయితారం వస్తవా?" అని అడిగింది. ఆదివారాలు తప్పక వస్తానన్నాను. ఇప్పటికీ వీలు చిక్కినప్పుడల్లా వెళ్తున్నాను. మా టీములో కొత్త పిల్లలెవరైనా దిగులుగా కనిపిస్తే ఈ కథ చెబుతాను. వాళ్లు కోడిని తలుచుకుని నవ్వుతారు. నేను మాత్రం ఖాళీ బుట్ట పట్టుకుని మెట్లెక్కిన ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. పాపం, ఈ ఊళ్లో తనకెవరూ లేరనుకునేది.