మూటలో ఎండు రొట్టెలు

నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, ఒక్కో మాట కింద వేలు పెట్టుకోవాలి. బళ్లారి కాలేజీలో చదివే మా మనవరాలు ఒకరోజు కథ తెచ్చింది. అందులో మొగుడు సాయంత్రానికి వస్తానని చెప్పి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. అతను రాడని పెళ్లానికి ముందే తెలుసా అన్నది మా పిల్ల మర్నాడు క్లాసులో చెప్పాలి.

"తెలీదవ్వా, పాపం మోసపోయింది" అంది.

పుస్తకం తీసుకుని నేనూ చదివాను. గంట పట్టింది. ఆమె మొగుడికి ఎండు రొట్టెలు మూట కట్టిందన్న చోట నా వేలు ఆగిపోయింది.

"ఆయమ్మకి తెలుసు పాపా. సాయంత్రం వచ్చేవానికి మెత్తని రొట్టె సాలదా? ఎండువి నెలైనా చెడవు. మీ తాత దోణిమలై గనికి పోయి వారాలు ఆడే ఉంటాంటే అవే కట్టిస్తాంటి. నీకు తినేది తప్ప చేసేది యాడ తెలుసు?"

మర్నాడు క్లాసు నుంచే ఫోన్ చేసింది.

"అవ్వా, మేడమ్ అడుగుతాండాది. అవి చేసేకి ఎన్ని దినాలు పడుతుంది?"

"కాల్చి ఆరబెట్టాల గదా, రెండు దినాలన్నా పడుతుంది."

"అంటే ఆయప్ప పోతానని చెప్పకముందే ఆయమ్మకి తెలుసా?"

"మొగుని మొగం చూస్తే తెలీదా? వచ్చేటప్పుడు ఇంగో కథ తే."