బండ కింది పుల్లలు

గుహ ముందుకి ఒరిగిన బండ కింద ఒక పుల్ల నిలబెడితే నడుంనొప్పి పోతుందని ఆ కొండకొచ్చే వాళ్ల నమ్మకం. అక్కడుండే తావో మతపు సన్యాసిని యెన్ షూచిన్‌కి నమ్మకంతో పేచీ లేదు, వాళ్లు పెట్టే పుల్లలంటేనే రోత. నూడుల్స్ తిన్న చాప్‌స్టిక్కులు, చీకి పారేయాల్సిన ఐస్‌క్రీమ్ పుల్లలు, ఎంగిలి ఎండి చీమలు పట్టినవి! తెల్లారగానే మెట్లన్నీ అద్దంలా ఊడ్చి, సాయంత్రం నీలం అంగీ చేతులు మడిచి, ముక్కు చిట్లించుకుని, వాటిని రెండు వేళ్లతో పీకి బుట్టలో పడేస్తుంది.

ఆ రోజు ఒక లావుపాటి మనిషి మాంసం కాల్చిన వెదురుపుల్లని బండ కింద దూరుస్తూ ఆవిడ కంటపడ్డాడు. కొవ్వు ఇంకా కారుతోంది.

"ఛీ ఛీ! మేం ఉల్లిపాయ కూడా ముట్టని చోట మేకమాంసమా? సిగ్గులేదురా?"

"మా అమ్మ మంచం దిగలేకపోతోంది, అమ్మగారూ. దారంతా వెతికాను. ఒక్క పుల్ల మిగలకుండా ఊడ్చేసింది మీరే కదా!"

అతను దిగిపోయాక ఆవిడ ఆ పుల్ల పీకింది. వేళ్లకంటిన జిడ్డుని బుట్టకేసి తుడుచుకుంది. అటూ ఇటూ చూసి, తన చీపురులోంచి ఒక పుల్ల లాగి అక్కడే నిలబెట్టింది.

"మీ అమ్మ కోసం," అని గొణిగింది, "నీ కోసం కాదురా, జిడ్డు వెధవా!"