చెయ్యి ఎటు పోతుందో చూసేవాడు

మా మిద్దె మీది గదిలో అద్దెకుండే అబ్బి చనిపోయాడు. మంగళవారం పొద్దున మొదట చూసింది నేనే. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ ఇది రాస్తోంది. నా నోటితోనే చెబుతున్నా నాకు నమ్మకం కుదరడం లేదు. చెవి ఇంకా పైకే పోతోంది, అతను పనిచేసే కుర్చీ చక్రాలు బండల మీద గరగరమంటాయేమోనని. ఆరేళ్లుగా ఆ చప్పుడుతోనే నాకు తెల్లారేది. నలభై మూడేళ్ల మనిషి. జ్వరం లేదు, దగ్గు లేదు. ముందు రోజు సాయంత్రం దండెం మీది చొక్కాలు తీసుకుంటూ నన్ను ఆటపట్టించి పైకెక్కినవాడు పొద్దునకు లేడు. ఇదేం న్యాయం దేవుడా అని అడిగాను. 

వీధిలో ఒక మాట తిరుగుతోంది. "అవ్వకు సదువొచ్చింటే ఆయప్ప బతికేటోడు. ఫోను చేతిలో పెట్టుకోని అరగంట ఏడుస్తా కూకుండాదంట." కొళాయి దగ్గర అన్నారు. నా ముందు అనలేదు, అనే ధైర్యం ఎవరికీ లేదు. అందుకే అతన్ని తలుచుకోవడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడికలో పంచే ఈ పుస్తకంలో నేనూ నాలుగు మాటలు చెబుతానని పాస్టరయ్యను అడిగాను. ఆ అబ్బి గురించి చెబుతాను, ఆ పొద్దున గురించీ చెబుతాను. రెండూ వినండి. తర్వాత నన్ను ఏమనుకుంటారో మీ ఇష్టం.

అతనిది ప్యాపిలి దగ్గర పల్లె. సిటీలో పెద్ద కంపెనీలో చేసి, విసుగొచ్చి, నంద్యాలకు వచ్చేశాడు. గది చూడటానికి వచ్చిన రోజు నీళ్ల సంగతి అడగలేదు, బాత్రూము సంగతి అడగలేదు. "అవ్వా, ఈడ కరెంటు ఎన్నిసార్లు పోతాది?" అన్నాడు. అట్లాంటి అద్దెమనిషిని అంతకుముందు చూడలేదు.

మొదటి ఏడాది అతన్ని పనిలేనివాడనే అనుకున్నాను. నేను పత్తి ఏరి, మిరపకాయలు కోసి ఈ ఇల్లు నిలబెట్టినదాన్ని. చెమట పట్టని పని నా కంటికి పనిగా ఆనదు. ఒకరోజు అడిగేశాను.

"ఏంది అబ్బీ నువ్వు చేసేది? పొద్దంతా కూకోనే ఉంటావు."

"ప్రోగ్రాములు రాస్తాండా అవ్వా. అంగళ్లోళ్లకు, ఆసుపత్రోళ్లకు. వాళ్ల కంప్యూటరు ఏం చేయల్లనో దానికి చెప్పే పని."

"చెప్తే యింటాదా?"

"చెప్పింది చెప్పినట్ల యింటాది. అదే తంటా. నేను తప్పు చెప్పినా యింటాది."

ఆ మాట నాకు నచ్చింది. అప్పటినుంచి రొట్టెలు కాల్చిన రోజు రెండు పైకి తీసుకెళ్లేదాన్ని. తినేటప్పుడు కూడా అతని ఎడమచేతి వేళ్లు కంచం అంచు మీద టకటకమని రెండుసార్లు కొట్టుకునేవి. ఇదేం రోగమని అడిగితే, రాసింది పోకుండా దాచుకునే మీటలు అవేనని, వేళ్లకు అలవాటైపోయిందని చెప్పాడు. ఒకసారి ఎప్పుడో పొద్దంతా రాసింది కరెంటు పోయి మాయమైందట. పదేళ్లైనా వేళ్లు మరిచిపోలేదు.

అతని తెర మీద నల్లని నేల, తెల్లని అక్షరాలు. అంతే. "చీమలు బారు కట్టినట్ల ఉండాది, ఒక బొమ్మన్నా లేదే" అన్నాను. కొందరు ఆ తెరకు రంగులు వేసుకుంటారట, పక్కన అరలు, కింద గంటలు పెట్టుకుంటారట. అతనికి అవేవీ పడవు. "రంగులెక్కువైతే కన్ను రంగుల్నే చూస్తాది అవ్వా, తప్పును చూడదు" అనేవాడు. కంప్యూటరులో లెక్కలు రాసుకునే గళ్ల కాగితం లాంటిది ఒకటుంది చూడండి, విత్తనాల అంగట్లో కూడా వాడతారు, అదంటే మాత్రం ప్రాణం. మనుషులు చేసిన ప్రోగ్రాములన్నిట్లో అదే గొప్పదని, తనలాంటి వాళ్లు సిగ్గుపడి ఆ మాట బయటికి అనరని నవ్వేవాడు. విత్తనాల అంగడాయన పెద్ద ప్రోగ్రాము రాయమని వస్తే, "నీకు గళ్లు చాలన్నా" అని నేర్పించి పంపించేశాడు.

అతను భయపడింది ఒక్క ప్రింటరుకే. అది మొరాయించిన రోజు గదిలో ఇద్దరు పోట్లాడుకున్నట్టు ఉండేది. "ప్రార్థన చేయమంటావా?" అని మెట్ల మీదినుంచి అడిగాను. "దానికి అది గూడా పనిచెయ్యదవ్వా" అన్నాడు. పాస్టరయ్య క్షమించాలి, అన్నది అన్నట్టు చెబుతున్నాను.

మధ్యాహ్నాలు ఒక్కోసారి పైనుంచి తిట్లు వినిపించేవి. "బాగుండేదాన్ని బాగు చేస్తామని మళ్లీ వచ్చినారు! నిన్న ఈడ ఉండే మీట ఈపొద్దు యాడికో పోయిండాది!" ఎవరు వచ్చారని పైకి పోతే ఎవరూ లేరు. కంప్యూటరే తనంతట తాను మారిపోయిందట. మా కోడలు కూడా నేను ఊరికి పోయొచ్చేలోగా వంటింట్లో డబ్బాలు అట్లే మారుస్తుందని చెబితే, "ఆయమ్మకు గూడా కంపెనీలో ఉద్యోగం ఇస్తారవ్వా" అన్నాడు.

ఈమధ్య, అడిగితే ప్రోగ్రాము తానే రాసిచ్చేది ఒకటి వచ్చిందట. "అట్లయితే నీ పని పాయె" అన్నాను.

"పోలేదవ్వా. బాగానే రాస్తాది, నాకన్నా బేగా రాస్తాది. గానీ తెలీదు అనే మాట దానికి రాదు. తెలిసిందీ తెలీనిదీ ఒకే గొంతుతో చెప్తాది."

"మన మేస్త్రీ మాదిరా? వాడు కట్టిన బాత్రూములో ఈ పొద్దుకూ నీళ్లు తలుపు దిక్కే పోతాయి."

"అదే. వాడు కట్టినంక మనమే చెంబెడు నీళ్లు పోసి చూసుకోవల్ల. దీంతో గూడా అంతే."

ఇక నా పని సంగతి. నవ్వకండి, అతని దగ్గర నాకు పని ఉండేది. కొత్తది ఏది రాసినా నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. "అవ్వా, నువ్వు ఆసుపత్రికి వచ్చినావనుకో. యాడ నొక్కుతావు?" నాకు అక్షరం రాదు, అతనికి కావలసింది అదే. చదువుకున్నవాళ్లు చదివి నొక్కుతారు, నేను చూసి నొక్కుతాను. నేను తడబడిన చోట అతను మళ్లీ రాసేవాడు. నా జీవితంలో నా చదువులేనితనం ఒకరికి పనికొచ్చింది అక్కడొక్కచోటే.

ఆళ్లగడ్డలో ఒక కంటి ఆసుపత్రి వాళ్లు తలుపు దగ్గర పెట్టే తెర రాయించుకున్నారు. వచ్చినవాళ్లు దాన్ని తాకితే వరుస చీటీ వస్తుంది. దాన్నీ నా ముందు పెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్ల మీట, మళ్లీ వచ్చినవాళ్ల మీట, రెండూ నా కంటికి ఒకేలా కనిపించాయి. అప్పటికే మూడుసార్లు వంక పెట్టి ఉన్నాను. నాలుగోసారి కూడా పెడితే ముసలిదానికి బుర్ర లేదనుకుంటాడని, "బాగుండాది అబ్బీ" అనేశాను.

పది రోజులకు ఆసుపత్రినుంచి ఫోను. సంజామలనుంచి వచ్చిన ఒక ముసలాయన తప్పు మీట నొక్కి, వేరే వరుసలో పడి, కంటికి గుడ్డ కట్టుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా కూర్చున్నాడట. అబ్బి వెంటనే బస్సెక్కాడు. నేనూ వస్తానని ఎక్కాను. ఎందుకు వస్తున్నానో చెప్పలేదు.

చీటీల దగ్గరి ఆయమ్మ తీసిపారేసినట్టు మాట్లాడింది. "మీదేం తప్పు లేదు సార్. ఆ ముసలాయనకు సదువు రాదు, ఇష్టమొచ్చినట్ల నొక్కినాడు."

"కాదు మేడం. తప్పు నొక్కినాయనది కాదు. తప్పు నొక్కేటట్ల పెట్టినోడిది. అంటే నాది" అన్నాడు.

నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. డెబ్భై ఏళ్లు దాటినదాన్ని. వేలిముద్ర వేసిన ప్రతి చోటా, బస్సు తప్పు ఎక్కిన ప్రతిసారీ, "నీకు సదువు రాదు, నీదే తప్పు" అని విన్నదాన్నే గానీ, ఈ మాట ఎవరి నోటా వినలేదు.

తిరుగు బస్సులో ఒప్పుకున్నాను. "అబ్బీ, నాకు ఆపొద్దే ఆ రెండూ ఒకటే మాదిరి కనపన్యాయి. సిగ్గై చెప్పల్యా."

కోపం వస్తుందనుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రోడ్డు పక్కన శిల్పాల పనివాళ్లు రాళ్లు చెక్కుతున్నారు. "చూడవ్వా, ఆ పెద్దాయన ఉలి ఆయన చిన్నప్పుటి ఉలే. నా ఉలి నెలకొకసారి మారుతాది, నాకేం వచ్చినట్ల?" అని, నా వైపు తిరిగి అన్నాడు, "ఇంక నిన్ను బాగుందా అని అడగను. అడిగితే ఎవురైనా బాగుందనే అంటారు. నీ చెయ్యి యాడికి పోతాదో చూస్తా. చెయ్యి అబద్ధం చెప్పదు."

మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు, నా చేతివేలినే చూసేవాడు. ఆ రెండు మీటల్లో ఒకదాని మీద కళ్లద్దాల బొమ్మ వచ్చింది. ఇప్పటికీ ఉంది, ఆళ్లగడ్డకు పోయినవాళ్లు చూడండి.

ఇప్పుడు మంగళవారం సంగతి.

కుర్చీ చప్పుడు రాలేదు. రొట్టె చల్లారిపోతుందని పైకి పోయాను. తలుపు ఓరగా ఉంది. కుర్చీ పక్కన నేల మీద పడి ఉన్నాడు, ఒక చెయ్యి కుర్చీ చక్రం మీద. పిలిచాను, కదిపాను. నా చిన్న ఫోను కింద ఛార్జింగులో ఉంది. నా మోకాళ్లకు దిగి ఎక్కే శక్తి లేదనిపించి, మంచం మీద ఉన్న అతని ఫోను తీసుకున్నాను. దానికి తాళం. అంకెలు నొక్కమంటోంది, ఏ అంకెలో నాకేం తెలుసు? ఆ తెర మూలన ఒక చిన్న బొమ్మ కనబడింది. వేలు పెట్టి లాగాను. ఫోను నిండా ఆ గది కనబడింది, కింద పడిన అబ్బి కనబడ్డాడు. అతను చెల్లెలితో మాట్లాడేటప్పుడు అట్లే బొమ్మ కనపడేది, అవతల ఆయమ్మ కనపడేది. కలిసిందనుకున్నాను. అవతల ఎవరో ఉన్నారనుకున్నాను.

"ఎవురప్పా ఆడ ఉండేది? పిల్లోడు పడిపోయినాడు, చూడండి, మిద్దె మీద ఉండాము, బేగా రాండి!" అని ఫోనును అతని మీదికి వంచి చూపించాను. ఎవరూ పలకలేదు. చేతికందిన మీటలన్నీ నొక్కాను. మళ్లీ పిలిచాను. అప్పుడు ఫోను నొక్కుతూనే బయటికొచ్చి మెట్ల పైనుంచి అరిచాను. ఎదురింటి టైలరు వచ్చాడు, తన ఫోనుతో పిలిచి అంబులెన్సు బండిని తెప్పించాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, నేను మెట్లెక్కేసరికే అతను పోయి ఉన్నాడని చెప్పింది. ఓదార్చడానికి అన్నదో, నిజమో నాకు తెలియలేదు. అబ్బి ఫోను తెర కింద భాగంలో చిన్న అక్షరాలతో ఒక మాట ఉంటుందట. తాళం ఉన్నా దాన్ని నొక్కితే అంబులెన్సుకు ఫోను చేయవచ్చట. టీచరమ్మ తన ఫోనులో చూపించింది. వట్టి ఇంగ్లీషు మాట. పక్కన గంట బొమ్మ లేదు, బండి బొమ్మ లేదు.  ఆ ఫోనులు చేసినవాళ్లలో ఒక్కరు కూడా ఒక అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి ఎటు పోతుందో చూడలేదు. చూసి ఉంటే, నా చెయ్యి బొమ్మ వైపే పోతుందని తెలిసేది. మీలో ఎవరి పిల్లలైనా ఆ పనిలో ఉంటే చెప్పండి, ఆ మాట పక్కన ఒక బొమ్మ పెట్టమని. అబ్బి ఉంటే తప్పు నీది కాదవ్వా అనేవాడు. కానీ ఆ మాట చెప్పాల్సిన మనిషే లేడు. నాకు నేను చెప్పుకుంటే అది ఓదార్పు అవుతుందా?

మొన్న అతని చెల్లెలు ప్యాపిలినుంచి వచ్చింది. ఈ పుస్తకంలో వేయడానికి మంచి ఫోటో కోసం అన్న ఫోను తెరిచి చూస్తూ, నా వైపు తిరిగింది.

"అవ్వా, ఇవి ఎవురు తీసినారు?"

చివరి ఆరు ఫోటోలు మంగళవారం పొద్దునవి. నేను ఫోను కలిసిందనుకున్నప్పుడు అది ఫోటోలు తీస్తోందట. నేను నొక్కిన ప్రతి నొక్కుకూ ఒకటి. చెల్లెలు ఏడుస్తూ తుడిచేయబోయింది. "తుడపొద్దు" అన్నాను. టీచరమ్మను పిలిచి, ఒక్కోదాని కింద రాసిన టైము చదవమన్నాను. చదివింది. మళ్లీ చదవమన్నాను. మొదటిదానికీ చివరిదానికీ మధ్య రెండు నిమిషాలు. అరగంట కాదు. నాకే అది సగం పొద్దులా ఉండింది, వీధిని ఏం అనేది?

ఒకదాంట్లో ఫ్యాను ఉంది. ఒకదాంట్లో నా చీర కొంగు. ఒకదాంట్లో అతని చెయ్యి, చక్రం మీద. ఒకదాంట్లో తలుపు గొళ్లెం, ఒకదాంట్లో పై మెట్టు. చివరిదాంట్లో వీధి మొత్తం ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. మధ్యలో మెడలో టేపు వేసుకున్న టైలరు తల పైకెత్తి, నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఒక కాలికి చెప్పు ఉంది. చెప్పు లేని కాలు అప్పటికే రోడ్డు మీద పడింది.