బిల్లు లేని పేరు

నా తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. అప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, వేములవాడ పోయి, ఈసారి పుట్టినవాడు దక్కితే నీ పేరే పెట్టుకుంటానని గుడిలో కోడెదూడను కట్టి దేవుడికి మొక్కింది. తమ్ముడు దక్కాడు. ఆ పేరే పెట్టారు. కరీంనగర్ వైపు అట్లా మొక్కి దక్కించుకున్న పిల్లలు ఎందరో. మా వాడలో ఆ పేరుతో పిలిస్తే నలుగురు పలికేవాళ్లు. అవ్వకు మాత్రం ఆ పేరు గలవాడు లోకంలో ఒక్కడే.

పెళ్లయ్యాక తమ్ముడు భార్యతో ఇచ్చోడ చేరి, పెద్ద రోడ్డు పక్కన సకినాల దుకాణం పెట్టుకున్నాడు. ఇద్దరూ పొద్దున బట్ట పరిచి బియ్యప్పిండితో సకినాలు చుట్టేవాళ్లు, ఆరినాక నూనెలో వేసేవాళ్లు. వారపు అంగడి ఉన్న రోజు డబ్బాలు బస్సెక్కించుకుని జైనూర్ దాకా పోయేవాడు. పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. వాడి పేరు ఏ కాగితం మీదా లేదు. జనం నోట్లో ఉండేది.

గుండెపోటుతో వాడు పోయాక మరదలు దుకాణం మూయలేదు. మొదటిసారి కవర్లు అచ్చు వేయించి వాటి మీద వాడి పేరు పెట్టింది.

"ఆయన లేకున్నా ఆయన పేరన్న నాలుగూర్లు తిరుగుతది గద వదినె," అన్నది.

కవర్లు అచ్చు వేసినాయన సలహాతో ఆ పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయమని దరఖాస్తు పెట్టాం. కొన్ని నెలలకు అభ్యంతరం వచ్చింది. వేరే ఊరి కంపెనీ ఒకటి అదే పేరును తినుబండారాలకు ముందే రిజిస్టర్ చేసుకుందట.

వకీలు వద్దు, జవాబు నేనే రాస్తానన్నాను. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా జిల్లా గ్రంథాలయంలో, కిటికీ పక్క కుర్చీలో చదువుకున్నదే. ట్రేడ్‌మార్కుల చట్టం పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

"ఆ పుస్తకం దుమ్ము దులిపింది నువ్వే అక్కా," అన్నాడు అక్కడ పుస్తకాలు ఇచ్చే కుర్రాడు. "గెలిస్తె మాకు సకినాలు తేవాలె మల్ల!"

ఒకచోట నా వేలు ఆగిపోయింది. ఒక పేరుతో ముందునుంచీ వ్యాపారం చేస్తున్నవాళ్లను, తర్వాత వచ్చి రిజిస్టర్ చేసుకున్నవాళ్లు ఆపలేరు. ఆ కంపెనీ కంటే తమ్ముడి దుకాణం ఎంతో పాతది. అక్కడినుంచే మరదలికి ఫోన్ చేసి "మనం గెలిచినట్టే" అన్నాను. చుట్టూ చదువుకునేవాళ్లు తలలెత్తి చూశారు. నాకు సిగ్గనిపించలేదు.

ఇక రుజువులు కావాలి. జైనూర్ అంగడికి పోయాను. తమ్ముడు కూర్చునే చోటు పక్కన మిరపకాయలు అమ్మే ముసలామె ఉంది. నేను వాడి అక్కనని చెప్పగానే మొహం వెలిగింది.

"ఏడి బాయీ మీ తమ్ముడు? శాన దినాలాయె రాలే. ఏమన్న పరేషాన్ల ఉన్నడా?"

చెప్పాను. ఆమె చేతిలో మిరపకాయలు అట్లాగే ఉండిపోయాయి. "నా మనుమరాలు కనవడితె చాలు, ఒక సకినం చేతుల పెడుతుండె," అన్నది. తమ్ముడు ఏండ్లుగా ఈ పేరుతోనే అమ్మాడని నేను రాసుకుపోయిన కాగితం మీద వేలిముద్ర అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ కాగితం ఏమిటని అడిగి, సంగతి విని ఆమే వేసింది.

విచారణ వీడియోలో జరిగింది. ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి, ఇద్దరం ముందు కూర్చున్నాం. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. నేను చట్టంలోని మాటలు చెబుతుంటే తల ఊపాడు. చివరికి, "ఆ రోజుల్లో ఈ పేరుతో ఇచ్చిన బిల్లు ఒక్కటైనా ఉందా అమ్మా?" అని అడిగాడు.

నేను తడుముకుంటుంటే మరదలు ముందుకు వంగింది. "సకినాలకు బిల్లెవ్వలడుగుతరు సార్? తిన్నంక మంచిగున్నయంటరు, గంతే."

ఆయన నవ్వాడు. మాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆశ పెట్టుకున్నాను.

తిరస్కరించిన ఉత్తర్వు గ్రంథాలయంలో కూర్చున్నప్పుడు ఫోన్‌కు వచ్చింది. పేరు ముందునుంచీ వాడినట్టు తగిన పత్రాలు లేవు. కిటికీ పక్కనే కూర్చుని ఒక్కో వాక్యం చదివాను. అన్నీ అర్థమయ్యాయి. ఒక్కటి కూడా అర్థం కాకుంటే బాగుండు అనిపించింది.

పైకోర్టుకు పోవచ్చని మరదలికి చెప్పాను.

"ఇగ చాలు వదినె. ఆయన ఉండె అని ఇంకెవ్వలితోని చెప్పియ్యాలె?"

పేరున్న కవర్లను కట్టగట్టి అటక మీద పెట్టింది. ఇప్పుడు ఆమె కవర్ల మీద ఏ పేరూ లేదు.

మొన్న అవ్వను తీసుకుని ఇచ్చోడ పోయాను. బస్సు దిగాక చాయ్‌పత్తి కోసం కిరాణా దుకాణం దగ్గర ఆగాం. అవ్వకు చదువు రాదు. తమ్ముడు బడికిపోయే రోజుల్లో పలక మీద తన పేరు రాసి ఆమెకు చూపించేవాడు. ఆ అక్షరాలు మాత్రం గుర్తుపడుతుంది. తీగకు వేలాడుతున్న ఆ కంపెనీ సకినాల ప్యాకెట్ దగ్గర నిలబడి, పేరు మీద వేలు పెట్టింది.

"మనోని పేరే గద బిడ్డా?"

"అవునవ్వా."

"మల్ల పేరు మనకు రాలేదంటిరి?"

అవ్వ నడుముకున్న సంచి విప్పి, ప్యాకెట్ కొనుక్కుంది.

ఇంట్లో మరదలు పిండి కలుపుతోంది. అవ్వ గోడకు ఆనుకుని ఒక సకినం విరిచి నోట్లో వేసుకుంది. "గట్టిగున్నయ్. మనోడు గిట్ల చెయ్యడు," అన్నది. మిగిలినవాటిని పళ్లెంలోకి వంచి, ఖాళీ ప్యాకెట్‌ను దులిపి, పేరు మడత పడకుండా చూసుకుంటూ దిండు కింద పెట్టుకుంది.

మరదలు చూసింది. పిండిలో ఇంకొన్ని నువ్వులు పోసి, తల వంచుకుని మళ్లీ కలపసాగింది.