వీధిలో ఓటున్న ఒకే ఒక్క అంకుల్

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఓ సాయంత్రం స్కూల్ బస్సు దిగి, బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మా, నాకు చెల్లో ఇవ్వరు అంట. ఓటు లాస్ అయితే మ్యూజిక్ క్యాన్సిల్ అంట."

విషయం నెమ్మదిగా రాబట్టాను. స్కూళ్ళకి డబ్బు చాలడం లేదు. ఇంటి పన్ను పెంచడానికి ఊరివాళ్ళు ఏప్రిల్‌లో ఓటేసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నాలుగో తరగతి నుంచి నేర్పే సంగీతం క్లాసు ఎత్తేస్తారు. చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్నలాంటిది, కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. పై క్లాసు పిల్లలు వాయించగా చూసిన రోజు నుంచీ మా పిల్ల చీపురుకట్టను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, అట్లకాడతో దాన్ని రాస్తూ కూర్చునేది. ఆ చీపురుతో ఇల్లు ఊడ్చుకోవాలంటే నేను దాని దగ్గర పర్మిషన్ తీసుకోవాల్సి వచ్చేది.

నాకు ఒళ్ళు మండింది. షికాగో పక్కన ఈ ఊళ్ళో ఇల్లు కొన్నదే స్కూళ్ళు బాగుంటాయని. వెంటనే మీటింగు పెట్టాను. తెలుగువాళ్ళం మీటింగు పెట్టామంటే ముందు ఎవరు ఏం వండాలో తేలాలి, ఎందుకు కలుస్తున్నామో తర్వాత చూసుకోవచ్చు. శనివారానికి మా బేస్‌మెంట్ కిటకిటలాడింది. స్కూలు పేరెంట్స్ సంఘం నుంచి వచ్చిన అమెరికన్ ఆవిడ గోంగూర పచ్చడి స్పూనుతో ఉత్తిదే తినేసి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే అందరికీ థాంక్స్ చెప్పింది. మా ఆయన ప్రొజెక్టర్ పెట్టి స్లైడ్లు చూపించాడు. ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పడానికైనా మా ఆయనకి స్లైడ్లు కావాలి.

చివర్లో ఆవిడ, పన్ను పెంపుకి అవునని ఓటేసేవాళ్ళు చేతులెత్తమంది. గది మొత్తం చేతులే. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఓటరుగా రిజిస్టర్ కానివాళ్ళు ఉంటే ఇక్కడే చేయించుకోవచ్చు, అందరూ సిటిజన్లే కదా, అంది.

చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"హెచ్ వన్ వీసా," అన్నాడు ఒకాయన సిగ్గుపడుతూ. "నాదీ అదే," అంది ఇంకొకావిడ. ఓటు సిటిజన్లకే కాబట్టి గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళవి కూడా నేల చూపులే. అసలు మాకు తెలియని విషయమా ఇది? ఎవరికి వాళ్ళం, నాకు లేకపోతేనేం మిగతావాళ్ళకి ఉంటుందిలే అనుకుని కూర వండుకొచ్చాం. "మరి పన్ను మీరు కడుతున్నారుగా?" అంది ఆవిడ, అయోమయంగా. కడుతున్నాం. ఆ పూట ఆవిడకి మా వీసాల సంగతంతా చెప్పేసరికి పులిహోర చల్లారిపోయింది.

అప్పుడు మూలనుంచి ఒక గొంతు వినిపించింది. "నాకుంది ఓటు. కానీ నేను చెయ్యి ఎత్తలేదు, చూశారో లేదో."

మా ఎదురింటి డాక్టర్ అంకుల్. ఎప్పుడో డెబ్భైల్లో గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడే ప్రాక్టీసు చేసి రిటైరైన మనిషి. ఆంటీ పోయాక ఒక్కరే ఉంటున్నారు. రెండోసారి దద్దోజనం వడ్డించుకుంటూ ఆ మాట అన్నారు.

ఆ మర్నాటి నుంచి నా ప్రచారమంతా ఆయన మీదే. ఇవాళ ముద్దపప్పు, రేపు గుత్తివంకాయ. ఆయన శుభ్రంగా తిని, డబ్బా కడిగి ఇచ్చేవారు. "కూర అదిరింది అమ్మాయ్. ఓటు మాత్రం వద్దనే."

"మీ పిల్లలు కూడా ఆ స్కూల్లోనే చదివారు కదండీ అంకుల్!"

"చదివారు. అప్పుడు నా పిల్లలున్నారు కాబట్టి అవునన్నాను. అందులో నా గొప్పేముంది? ఇప్పుడు పన్ను పెరిగిందంటే ఇల్లమ్ముకుని, పన్నులు తక్కువుండే ఫ్లోరిడా పోవాలి. అక్కడ నాకెవరున్నారు, మొసళ్ళు తప్ప?"

కోపమొచ్చింది. మనిషి అబద్ధమాడడు, అదీ ఇబ్బంది.

ఓటు రోజు పొద్దున్నే ఫోన్ చేశారు. కంటి ఆపరేషన్ అయింది, డ్రైవ్ చెయ్యద్దన్నారు, పోలింగుకి దించుతావా అని. మా ఆయన పక్కనుంచి, కారు బాగాలేదని చెప్పు, అని సైగలు చేస్తున్నాడు. నాకూ నోటిదాకా వచ్చింది. కానీ పెద్దాయన నోరు తెరిచి అడిగాక కాదనడం ఎలా? సాయంత్రం నాలుగింటికి ఎక్కించుకున్నాను. మా పిల్ల వెనక సీట్లో ఉంది.

"అంకుల్, నా చెల్లోకి ఓటేస్తారా?" అని అడిగేసింది.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. "లేదమ్మా."

"ఓకే," అంది మా పిల్ల. పోలింగు దాని స్కూలు జిమ్‌లోనే. ముందురోజు కురిసిన మంచు కరిగి మెట్లు జారుతున్నాయి. మా పిల్ల దిగి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఆ చెయ్యి పట్టుకునే తన చెల్లోకి వ్యతిరేకంగా ఓటు వేయించింది. నేను కారు పార్క్ చేసి వచ్చేలోపే ఆయన ఓటేసి బయటికి వచ్చేశారు.

చాలా తక్కువ తేడాతో పన్ను పెంపు గెలిచింది. మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ఫోన్. "మీరే గెలిచారు. నా పన్ను పెరిగింది. ఇక సాంబారు పంపడం మీ బాధ్యత." అంకుల్ ఫ్లోరిడా వెళ్ళలేదు. ఆ శీతాకాలమంతా మా పిల్ల చెల్లో ప్రాక్టీసు చేస్తుంటే, వీధి దాటి వినిపించే ఆ కీచు శబ్దానికి ఆయన మా తలుపు కొట్టి, "నా డబ్బుతో నన్నే హింస పెడుతున్నారు," అని ఫిర్యాదు చేసి, కాఫీ తాగి వెళ్ళేవారు.

పిల్ల పెద్దదై కాలేజీకి వెళ్ళిపోయింది. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. సరిగ్గా అప్పుడే స్కూళ్ళకోసం మళ్ళీ పన్ను పెంపు, మళ్ళీ ఓటు. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి, హెచ్ వన్ మీద ఉన్నది, గారెల డబ్బాతో మా తలుపు కొట్టింది. వాళ్ళబ్బాయికి డ్రమ్స్ కావాలట. నాకు నవ్వాగలేదు. ఇంత అడగాలా తల్లీ, నా ఓటు నీదే, అన్నాను.

ఓటు రోజు అంకుల్‌ని కూడా తీసుకెళ్ళాను. ఎనభై దాటారు, చేతికర్ర వచ్చింది, మాట మాత్రం మారలేదు. అదే జిమ్. నా జీవితంలో అమెరికాలో మొదటి ఓటు. కాగితం మీద ఆ ప్రశ్న చదివాను. ఆ ఏడాది మా ఆయన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, కాలేజీ ఫీజు కట్టాలి, ఇంట్లో స్కూలుకెళ్ళే పిల్లలెవరూ లేరు. పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక ఎవరో దగ్గారు.

బయటికి వచ్చేసరికి అంకుల్ గోడవారన పిల్లల కుర్చీలో కూర్చుని, కర్ర మీద రెండు చేతులూ ఆన్చి నాకోసం చూస్తున్నారు.

"ఇంతసేపేంటి అమ్మాయ్?"

"అవుననే వేశాను అంకుల్."

"అది అడగలేదు. ఇంతసేపు ఎందుకు పట్టిందని అడిగాను."

నేను ఆయనకి చెయ్యందించాను.